పాట ఉండే పక్క

నా పెండ్లాం సుబ్బరత్నమ్మ నాలిక కాల్పించి చంపినవాడు చెన్నప్ప. ఆమెకు స్వయానా అన్న. ఇందులో వాదించేదేమీ లేదు. ఎండాకాలం ఎండ కాస్తుంది, మా యాడికి ఊర్లో నీళ్ళుండవు, చెన్నప్ప నా పెండ్లాన్ని చంపినాడు. ఇప్పుడు ఆ చెన్నప్ప నా ముందర నులకమంచం మీద పడి ఉన్నాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినాయి. నోట్లో ఒకే ముక్క మిగిలింది, "తత్తా". నీళ్ళు కావాలన్నా తత్తా, ఈగ వాలినా తత్తా, నన్ను చూసినా తత్తా. నేను ముక్కాలి పీట మీద కూచున్నా. పట్టపగలు, అయినా గది చీకటి. కిటికీకి గోనెపట్టా కొట్టినారు, తలుపు సందుల్లో పాత చీర పేలికలు కుక్కినారు. పక్షవాతం మనిషికి గాలి తగలగూడదంట. పావురం నెత్తురు పూసినారు చేతికి, అది ఎండి పెచ్చులు కట్టింది. గదిలో ఆ వాసన, ఆముదం వాసన, చెమట వాసన. పక్క గదిలో వాడి మగ్గం గుంతలో సాలెపురుగులు తప్ప ఎవరూ దిగడం లేదు.

వాడి పెండ్లాం నాగలక్ష్మమ్మ పొద్దున నా గుమ్మం ముందర నిలబడింది. ఆమె నా గడప తొక్కి ఏండ్లయింది, తొక్కొద్దని చెప్పింది నేనే. "ట్యాంకరు వచ్చే పొద్దయింది అన్నా. బిందెలు పెట్టకుంటే ఈ దినం గొంతు తడుపుకునేకి లేదు. మా ఇంట్లో మొగోళ్ళు యాడుండారు? ఒక్క గంట కూచో." నేను ముఖం తిప్పుకున్నా. "నీ కోపం నీకాడే ఉండనీ. పీటకేం కోపం లేదు గదా, పీట మీద కూచో" అనింది. ఆ నోరు ఆమెకు మొదటి నుంచీ ఉంది. వచ్చినా. వచ్చి కూచున్నాక, బిందెలు చంకనబెట్టుకుని గడప దాటేటప్పుడు, నా ముఖం చూడకుండా చెప్పింది: "మాపటికి గుత్తి దావలో ఉండే మంత్రాల సోమప్ప వస్తానన్నాడు. పసుపుకొమ్ము కాల్చి నాలిక మీద పెడితే మాట వస్తాదంట." ఆ మాట నా ముందర అనగలిగింది. ఆ సోమప్పే. ఆ పసుపుకొమ్మే. మంచం మీద చెన్నప్ప కండ్లు పెద్దవైనాయి. వాడికి అన్నీ తెలుస్తున్నాయి. అందరూ వాడి బుద్ధి పోయిందనుకుంటున్నారు, బుద్ధి ఉన్నచోటే ఉంది, తలుపు మాత్రం మూసుకుంది. ఇది నాకు తెలుసు. ఈ ఊర్లో ఇంకెవరికీ తెలీదు.

ఎట్లా తెలుసంటే, నేను దాన్ని చూసినా. గాజుజాడీలో. కర్నూలు పెద్దాసుపత్రికి సుబ్బరత్నను తీసుకపోయినప్పుడు. నూలు చుడుతూ చుడుతూ ఒక పక్కకు ఒరిగిపోయింది, రాట్నం తిరుగుతూనే ఉంది. మాట పోయింది. మిగిలిందొక్కటే, "పో". నన్ను పో అనింది, నర్సును పో అనింది, గంజి తెచ్చిన ఆయాను పో అనింది. ఆడ డాక్టరు రహంతుల్లా అని గుత్తి మనిషి, మా మాదిరే మాట్లాడతాడు. ఆయన్ను కూడా పో అనింది. "పోతాలేమ్మా, నీకు మందిచ్చి పోతా" అని నవ్వినాడు. మంచాలోళ్ళందరూ నవ్వినారు, సుబ్బరత్న కూడా నవ్వింది, సగం మూతితో. నాకు నవ్వు రాలేదు. సార్, పిచ్చి పట్టిందా ఈమెకు అని అడిగినా. ఆయన నన్నొకసారి చూసి, "ఏం పనప్పా నీది?" అన్నాడు. మగ్గం సార్. "అయితే నాతో రా."

పొడవాటి గది. రెండు పక్కలా అద్దాల బీరువాలు. ఏదో ఘాటు మందు, కండ్లలో నీళ్ళు తిరిగినాయి. ఆయన ఒక జాడీ తీసి బల్ల మీద పెట్టినాడు. లోపల, మబ్బుపట్టిన నీళ్ళలో, ముడతలు ముడతలుగా చుట్టుకున్న బూడిదరంగు ముద్ద. మీరావలి అంగట్లో పొట్టేలు తలకాయ కొట్టినప్పుడు చూసుంటా ఆ రకందాన్ని, అది నిమ్మకాయంత. ఇది రెండు చేతులు దోసిలి పడితే నిండుతుంది. ఇంతేనా సార్ అన్నా. "ఇంతే. కిలోన్నర కూడా తూగదు. నీ తలకాయలో ఇంతకంటే పెద్దది లేదు, నా తలకాయలో లేదు, కలెక్టరు తలకాయలో కూడా లేదు" అన్నాడు. నేను చూస్తూ నిలబడినా. ఎవరిదో. ఏ ఊరి మనిషిదో. ఆ ముడతల్లో ఒకప్పుడు ఒక ఇంటి దావ ఉండింది, ఒక అమ్మ ముఖం ఉండింది, కొర్రన్నం రుచి ఉండింది, ఎవరి మీదో కోపం కూడా ఉండింటుంది. ఇప్పుడు నీళ్ళలో కూచుని ఉంది, ఏమీ చెప్పదు. కాళ్ళలోంచి వణుకు వచ్చింది నాకు. గుత్తి కోట మీద నిలబడి కిందికి చూసినప్పుడు రాలేదు ఆ వణుకు. గుళ్ళో రాలేదు. నేను దండం పెట్టుకునే మనిషిని కాను, ఆ పొద్దు చెయ్యెత్తబోయి, డాక్టరు చూస్తున్నాడని దించుకున్నా.

ఆయన చెప్పింది చెప్పినట్టు నాలో ఉంది. అదీ ఒక వింతే. ఆయన మాట గాలిలో వచ్చి, చెవిలో పొర మీద తట్టి, లోపల ఒక తడి నత్తగుల్లలో సన్నని వెంట్రుకల్ని కదిలించి, అక్కడినుంచి పోగు పట్టుకుని మెదడుకు పోయి, ఏదో ముడతలో పడి, ఇన్నేండ్లూ పడే ఉండి, ఈ చీకటి గదిలో నేను పిలవకుండానే లేచి వచ్చింది. మెదడు నుంచి వెన్నులోపల దిగే పోగుల కట్ట ఒకటి ఉందంట, మన చిటికెన వేలంత లావు. దాంట్లోంచి పడుగు విడిపోయినట్టు పోగులు విడిపోయి, కాలి బొటనవేలి దాకా పోతాయి. ముల్లు గుచ్చుకుంటే కబురు పైకి, కాలు తియ్యమని కబురు కిందికి. పైనుంచి వచ్చే పోగులు మెడకాడ పక్క మారుతాయి. అందుకే ఎడమ పక్క నెత్తురు అడ్డం పడితే కుడి చెయ్యి పడిపోతుంది. ఎంత గడ్డ సార్ ఆ నెత్తురు? "రాగిగింజంత. అంతకంటే చిన్నది కూడా చాలు." రాగిగింజంత. నా సంసారం రాగిగింజంత దాని మీద ఒరిగిపోయింది. ఇంకొకటి చెప్పినాడు, అది విన్నాక చాన్నాళ్ళు నాకు అన్నం సయించలేదు. ఒళ్ళంతా ఎక్కడ నొప్పి పుట్టినా తెలుసుకునేది ఆ ముద్దే, దాన్నే కత్తితో కోస్తే మాత్రం దానికి నొప్పి తెలీదంట. ఎవరు ఆలోచించినారు ఇట్లా? ఎవరు నేసినారు? మేము చీర మీద నేసే పువ్వు బుటా, మగ్గం పైన వేలాడే జాకార్డు అట్టల్లో రంధ్రాలుగా ఉంటుంది, కండ్లతో చూడొచ్చు, ఎక్కడ తప్పిందో వేలు పెట్టి చూపించొచ్చు. దీంట్లో వేలు పెట్టేకి చోటు లేదు. తెగిన పోగుకు కొత్త పోగు అతికిస్తాం సార్ మేము, బూడిద అద్దిన వేళ్ళతో మెలిపెట్టి. ఇది అతకదా అన్నా. "తెగింది అతకదు. పక్కనుండే పోగు ఆ పని నేర్చుకోవచ్చు. నిదానంగా. మనం నేర్పాల" అన్నాడు. జాడీ మీద ఎడమ పక్క, చెవికి ముందర కొంచెం పైన, వేలు ఆనించి, "మీ ఆయమ్మ మాట ఈడ ఉండాది. ఈడ దెబ్బ తగిలింది" అన్నాడు. తర్వాత వేలు రెండో పక్కకు జరిపి, "పాట ఎక్కువగా ఈ పక్క ఉంటాది. దీనికేం కాలేదు. ఆయమ్మకు పాటలు వచ్చునా?"

వచ్చు. వాళ్ళమ్మ ఆంజినమ్మ నేర్పిన వాన పాట. నేను వార్డులో మంచం పక్కన నిలబడి, జన్మలో పాడనివాణ్ణి, నా గొంతు పగిలిన కుండ, మొదలుపెట్టినా. మబ్బమ్మ మబ్బమ్మ మా ఊరి దావ రావే. ఎదురు మంచం ముసిలోడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. సుబ్బరత్న నన్ను చూసింది. ఆమె గొంతులో ఏదో కదిలింది. ఎండిన వంకలో ఏరై నడిచి రావే. ఆమె పాడింది. ఒక్క మాట రాని మనిషి, నీళ్ళు అనలేని మనిషి, నా పేరు అనలేని మనిషి, మాట మాట స్పష్టంగా పాడింది. కొర్ర చేను అడిగింది కొంగు తడిపి పోవే. ఎక్కడా తడబడలేదు. ఒక ఇంటికి వాకిలి కూలిపోతే, పెరటి గోడలో ఎవరూ చూడని తలుపు ఒకటి తెరుచుకున్నట్టయింది. మంచాలోళ్ళు లేచి కూచున్నారు. డాక్టరు మాత్రం, రోజూ చూసేదే అన్నట్టు తలూపి, "దీన్ని పట్టుకుని పొండి. పాటలోంచి మాటను లాగాల" అన్నాడు.

లాగినాం. ఇంటికొచ్చి, అదే రాగంలో నీళ్ళు కావలె నీళ్ళు కావలె అని పాడించినా. కొన్నాళ్ళకు రాగం సన్నబడింది, నీళ్ళు మిగిలింది. నీళ్ళు అని రాగం లేకుండా అనిన పొద్దు ఆమె నా చెయ్యి పట్టుకుని అదే మాట మళ్ళీ మళ్ళీ అనింది. తర్వాత అన్నం. తర్వాత ఎండ. నేను మగ్గంలో కూచుంటే ఆమె పక్కన కూచుని సగం పాడుతూ సగం మాట్లాడుతూ ఉండేది. అప్పుడు నేను అనుకునేవాణ్ణి, ఆ చెవిపైన ఎముక కింద ఇప్పుడు ఏ పోగు ఏ పోగుకు పని నేర్పుతోందో అని. ఆమె తల దువ్వుకుంటుంటే భయం వేసేది, ఆ దువ్వెన కింద అంత పని జరుగుతోందని. అరుపు లేదు, చప్పుడు లేదు. మా మగ్గం చప్పుడుకు వీధి వీధంతా మేలుకుంటుంది.

నేను గుమ్మఘట్టకు పోయినా, చీరలిచ్చి రావడానికి. నేను ఊర్లో లేను. అది నా తప్పు కాదు, ఎవరన్నా అది నా తప్పంటే నోరు మూసుకోమంటా. ఆ పొద్దు చెన్నప్ప చెల్లెల్ని చూడ్డానికి వచ్చినాడు. గుమ్మంలో నిలబడి విన్నాడు. మాట పడిపోయిన చెల్లెలు, లోపల, ఒంటరిగా, చచ్చిపోయిన తన తల్లి పాట, తన తల్లి గొంతుతో, ఒక్క అక్షరం పోకుండా పాడుతోంది. వాడికి ఒకటే అర్థమైంది. మాట్లాడలేని మనిషి పాడలేదు. పాడేది చెల్లెలు కాదు. ఆంజినమ్మ గాలి దయ్యమై కూతుర్లో దూరింది, మాటను మింగి కూచుంది, పాట మాత్రం బయటికి వస్తోంది. సోమప్పను పిలిపించినాడు. వీధిలో ఆడోళ్ళు ఆమె కాళ్ళూ చేతులూ కదలకుండా అదిమి పట్టుకున్నారు. పసుపుకొమ్ము నిప్పుల్లో కాల్చి నాలిక మీద పెట్టినారు, గాలి పోతానని ఒప్పుకునేదాకా. ఎట్లా ఒప్పుకుంటుంది? ఆమెకు వచ్చిన మాటలు నీళ్ళు, అన్నం, ఎండ. నేను వచ్చేసరికి నోరు వాచి ఉంది. చెన్నప్ప మా గుమ్మం మీద కూచుని బీడీ తాగుతున్నాడు, ముఖంలో ఏదో పెద్ద పని చేసిన శాంతి. "మా అమ్మను పంపించేసినా బావా. ఇంక నా చెల్లెలు నా చెల్లెలే" అన్నాడు. సుబ్బరత్న మళ్ళీ నోరు తెరవలేదు, పాటకూ లేదు, గంజికీ లేదు. చీము పట్టింది, జ్వరం వచ్చింది. శెనక్కాయ పీకకముందే పోయింది. దినాల రోజు చెన్నప్ప ఏడ్చినాడు. ఆ ఏడుపు అబద్ధం కాదు. అందుకే నేను క్షమించలేదు.

ఇప్పుడు వాడి చెయ్యి, మంచిగుండే ఎడమ చెయ్యి, దుప్పటి మీద కదులుతోంది. ముందుకూ వెనక్కూ, ముందుకూ వెనక్కూ. నేత బిగించే మగ్గం పలక లాగుతున్నాడు, వాడికి తెలీకుండానే. వెనకాల చిన్న మెదడు ఒకటి ఉందని చెప్పినాడు డాక్టరు, చేతికి అలవాటైన పని అది చూసుకుంటుందంట. ఇల్లు తగలబడినా ఆ మూల ఎవరో కూచుని నేస్తున్నారు. నేను చూపు తిప్పుకోలేకపోయినా. ఇంత గొప్పదాన్ని వీడి తలలో కూడా పెట్టినారా? వీడి తలలో, నా తలలో, సోమప్ప తలలో, ఆ జాడీలో ఉండే పేరు లేని మనిషి తలలో, ఒకటే నేతనా? వీణ్ణి ద్వేషించే ద్వేషం నాలో ఏ ముడతలో ఉందో, దాని పక్కనే సుబ్బరత్న నవ్వు ఉందేమో. రెండూ తాగేది ఒకే నెత్తురు. తీసెయ్యమని డాక్టర్నడిగితే ఒకటి పోతే ఇంకొకటి కూడా పోతుందంటాడు. వద్దు. ఉండనీ.

నేను ఊరకే కూచుంటే చాలు. ఏమీ చెయ్యాల్సిన పని లేదు. నాగలక్ష్మమ్మ నీళ్ళతో వస్తుంది, మాపటికి సోమప్ప వస్తాడు, కుంపటి రాజేస్తారు. నా చేతికి మసి కూడా అంటదు. ఇన్నేండ్లు ఏ దేవున్నీ అడగలేదు గానీ, అడిగుంటే ఇంతకంటే సరిగ్గా ఇచ్చేవాడు కాదు. చెన్నప్ప నన్నే చూస్తున్నాడు. ఎడమ చెయ్యి పలక వదిలిపెట్టి నా పంచె అంచు పట్టుకుంది. "తత్తా" అన్నాడు. "తత్తా, తత్తా." బతిమాలుతున్నాడు. సోమప్ప వస్తాడని వాడికీ తెలుసు, పసుపుకొమ్ము ఎట్లా కాలుతుందో వాడికంటే ఎవరికి తెలుసు. పంచె గుంజుకున్నా. వాడు మళ్ళీ పట్టుకున్నాడు. సరే, నేను పాడినాననుకో. వాడి తలలో కుడి పక్క బాగుంటే, ఆ పాట వాడిలో కూడా ఉంటుంది, ఒక తల్లి బిడ్డలే గదా ఇద్దరూ. పాట వస్తే, పాటలోంచి మాట వస్తుంది, వాడు బతుకుతాడు. నా పెండ్లాన్ని చంపినవాడు నా గొంతుతో బతుకుతాడు. అది ఒకటి. ఇంకొకటి కూడా ఉంది. మాట లేని నోట్లోంచి తల్లి పాట వచ్చినప్పుడు, వాడికి లోపలినుంచి తెలుస్తుంది, పాడేది ఎవరో. పాడేది తనే. తన తల్లి గాలి కాదు, ఏ గాలీ కాదు. అప్పుడు ఆ పొద్దు గుమ్మంలో నిలబడి తను విన్నది ఎవర్నో కూడా తెలుస్తుంది. ఆ తెలిసింది వాడి తలలోంచి ఏ సోమప్పా తియ్యలేడు. నేను జాలిపడినానో పగ తీర్చుకున్నానో నన్నెవరూ అడగొద్దు. నా తలలో ఏ పక్కనుంచి వచ్చిందో నాకు తెలీదు. నోరు తెరిచినా.

మబ్బమ్మ మబ్బమ్మ. ఉమ్మి మింగి మళ్ళీ ఎత్తుకున్నా. మబ్బమ్మ మబ్బమ్మ మా ఊరి దావ రావే. చెన్నప్ప కదలకుండా పడుకుని ఉన్నాడు. రెండోసారి పాడినా. వాడి గొంతు ముడి పైకీ కిందికీ పోయింది. మూడోసారి నేను రావే దగ్గర ఆపేసినా, డాక్టరు చెప్పినట్టు, వాళ్ళకు చోటు వదలాల. చీకట్లో, పావురం నెత్తురు వాసనలో, చెన్నప్ప పాడినాడు. ఎండిన వంకలో ఏరై నడిచి రావే. మొగగొంతు, ముసిలి గొంతు, అయినా ఆ సాగదీత ఆంజినమ్మది, సుబ్బరత్నది. కొర్ర చేను అడిగింది కొంగు తడిపి పోవే. ఇన్నేండ్ల తర్వాత, అదే వణుకు నా కాళ్ళలోంచి వచ్చింది. వీడిలో కూడా తెరుచుకుంది ఆ తలుపు. మంచివాడా చెడ్డవాడా అని అది చూడలేదు.

వాడు ఆగిపోయినాడు. ఎడమ చెయ్యి నా పంచె వదిలి గొంతు మీద పెట్టుకున్నాడు. పెదాలు తడుముకున్నాడు. ఎవరన్నా ఉన్నారా లోపల అని వెతుకుతున్నట్టు. ఇంకోసారి సన్నగా పాడి చూసుకున్నాడు, ఒక్క ముక్క, మబ్బమ్మ. చెయ్యి గొంతు మీదే ఉంది. తర్వాత నా వైపు తిరిగినాడు. అట్లాంటి కండ్లు నేను ఇదివరకు చూడలేదు, ఇకముందు చూడను. నోరు తెరిచినాడు, ఏమీ రాలేదు, తత్తా కూడా రాలేదు.

తలుపు తోసుకుని నాగలక్ష్మమ్మ వచ్చింది, చంకలో బిందె, కొంగంతా తడి. ఎండ లోపలికి పడింది. "ఎవరు, అన్నా, పాడతాండేది? మా అత్త గొంతు మాదిరి..." ఆమె ముఖం తెల్లబోయింది. బిందె ఒరిగింది, నీళ్ళు గడప మీద పోయినాయి. "సోమప్పను ఇప్పుడే రమ్మంటా. ఉండు, ఉండు" అని వెనక్కి తిరిగింది. నేను లేచి తలుపుకు అడ్డం నిలబడినా. "పాడింది నీ మొగుడు. గాలీ లేదు, దయ్యమూ లేదు. పాట ఉండే పక్క బాగుండాది ఆయప్పకు. దినామూ పాడించు, అదే రాగంలో నీళ్ళు అడిగించు, అన్నం అడిగించు. మాట వస్తాది. కిటికీకాడ ఆ గోనె పీకెయ్. నాలిక జోలికి ఎవడన్నా వచ్చినాడంటే వాణ్ణి నేనే కొడతా" అన్నా. ఆమె నన్ను చూసింది, మంచం మీద మనిషిని చూసింది, వాడి కండ్లలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. ఆమెకు అర్థం కావడం నేను చూసినా. ఒక మనిషికి అర్థమవుతుంటే ముఖం మీద కనపడుతుంది, కంటి వెనక ఎన్ని పోగులు కదిలినాయో. చాలా నిదానంగా అడిగింది: "అయితే అన్నా... ఆ పొద్దు సుబ్బరత్న పాడింది కూడా ఇట్లనేనా? తనే పాడిందా?"

నేను చెప్పులేసుకుని వీధిలోకి వచ్చినా. ఆమె వెనక నుంచి మళ్ళీ అడిగింది. తర్వాత ఊరు కూడా అడిగింది, చెన్నప్ప మాట్లాడ్డం నేర్చుకున్నాక వాడు కూడా అడగడానికి మనిషిని పంపించినాడు. ఎవరికీ జవాబు చెప్పలేదు. ఈ సంగతి నేను ఎవరితోనూ ఇంక ఒక్క మాట కూడా మాట్లాడను.